గడప కింద రెండు తీగలు

8 జూన్ 2025, ఆదివారం

మొదటి పేజీలో పేరు రాయాలని స్తుతి చెప్పింది. దాసన్న, మేస్త్రీ, కల్లూరు. రాశాను.

స్తుతి నా మనవరాలు. రాజంపేటలో హాస్టల్లో ఉండి ఫిజిక్స్ చదువుతోంది. ఈ డైరీ తనకు ఎవరో ఇచ్చారట. ఫోను ఉంది కాబట్టి తనకు అక్కరలేదట. సెలవులకు వచ్చేటప్పుడు నాకు తెచ్చింది. నాకు చదువు లేదు. అక్షరాలు ఉన్నాయి. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నేర్చుకున్నవి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. పడనీ. ఇప్పుడు నాకు వేరే పని ఏముంది.

ఈ రోజు చర్చి అయ్యాక బసవన్న ఇంట్లో భోజనం. బసవన్న మగ్గం మనిషి. తన ఊరు కోసిగి వదిలి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నా స్నేహితుడు. నా భుజం మీద తువాలు వాడు నేసిందే, వేరేది వేసుకోను. వాడి కొత్త ఇల్లు నేను కట్టిన చివరి ఇల్లు. మోకాళ్లు ఇంక ఒప్పుకోవు. చివరిది కాబట్టి నా చేయి పడని రాయి ఆ ఇంట్లో లేదు. ఉత్తరం వాకిలి. నడిమధ్య గుంజ పాతి, పొద్దున దాని నీడ ఎక్కడ పడింది, సాయంత్రం ఎక్కడ పడింది చూసి తీసిన దిక్కు. మా మేస్త్రీ నాకు నేర్పింది అదే. సూర్యుడికి లంచం పెట్టలేం.

ఇల్లు బాగుండాది, మిషనే బాగలేదు అన్నాడు బసవన్న. మిద్దె మీద సోలార్ పలకలు రెండు వరసలు. బ్యాటరీ పెట్టె వాకిట్లో మగ్గాల షెడ్డులో. మగ్గానికి నూలు కండెలు చుట్టే మిషన్‌కు అక్కడి నుంచే కరెంటు. మధ్యాహ్నం అయ్యేసరికి బ్యాటరీ పడిపోయి మిషన్ నిలబడిపోతుందట. అమర్చింది గోపీ, బసవన్న భార్య సుంకమ్మకు అన్న కొడుకు. ఒక సాయంత్రం మిద్దె ఎక్కి చూశాడట. పలకలు అద్దం మాదిరి ఉండాయి అన్నాడట.

నేను మనిషిని, నాకే మధ్యాహ్నం నిద్ర వస్తాది, దానికి రాదా అప్పా అని బసవన్న నవ్వాడు.

సుంకమ్మ నవ్వలేదు.

9 జూన్, సోమవారం

ఒళ్లు మండుతోంది. అయినా రాస్తున్నాను.

సుంకమ్మ వాస్తు మనిషిని పిలిపించింది. మహానంది అని, వయసులో చిన్నవాడే, మాట మెత్తన. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, లేకపోయినా బాగుండేది. ఇల్లంతా తిరిగాడు. తర్వాత సంచిలోంచి దిక్సూచి తీసి గడప నడిమధ్య, పసుపు పూసిన చోట పెట్టాడు. మిట్టమధ్యాహ్నం. సూది అటూ ఇటూ ఊగి నిలబడింది. తలుపు చూసే వైపు నిలబడలేదు. ఈశాన్యం వైపు వాలి నిలబడింది. గోరంత కాదు, గుడ్డివాడికి కూడా కనిపించేంత.

అంటే తలుపు ఉత్తరం చూడడం లేదమ్మా, వాయవ్యం చూస్తాండాది అన్నాడు సుంకమ్మతో. వాయవ్యం గాలి మూల. ఆడ పెట్టింది ఏదీ నిలకడగా ఉండదు, మనిషి గానీ మిషన్ గానీ అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఈ దిక్కు తీసింది నేను, సూర్యుడి నీడ పట్టి తీసినాను, నీ అగ్గిపెట్టెంత డబ్బా నాకు చెప్తుందా అన్నాను. మహానంది కోపం తెచ్చుకోలేదు. నీడను మనిషి చూడల్ల పెద్దాయనా, సూదిని భూమే తిప్పుతాది, కండ్లు తప్పొచ్చు గదా అన్నాడు. అంటూ నా కళ్లద్దాలు చూశాడు.

ఆషాఢం రాకముందే ద్వారబంధం పీకి, గడప బండ లేపి, తిప్పి పెట్టాలట. వచ్చే గురువారం కాక ఆ పై గురువారం, పందొమ్మిదో తేదీ పొద్దున ముహూర్తం. పీకడానికి వేరే మేస్త్రీని కూడా తనే తెస్తాడట.

వేరే మేస్త్రీ. నా గడప మీద గునపం పెడతాడు. రేపటి నుంచి ఈ వీధిలో పోయే ప్రతివాడూ చెప్పుకుంటాడు, దాసన్నకు చివరి ఇంటికి దిక్కు తప్పిందని.

బసవన్న తల వంచుకుని నిలబడ్డాడు. మహానంది అన్నది కాదు, వాడు అననిది నన్ను కాల్చింది.

తువాలు తీసి వాడి అరుగు మీద పెట్టి వచ్చేశాను.

10 జూన్, మంగళవారం

నా భార్య రత్నమణికి నా బాధ పట్టలేదు. పెళ్లయినప్పటి నుంచీ అంతే. తలుపు వాళ్లది, గోడ వాళ్లది, నీకేంటికి అంత మంట అంది. పేరు నాది అన్నాను. పేరు తీసుకుపోయి గడప కింద పెట్టినావా ఏమి అంది.

పొద్దున చద్ది తిని మళ్లీ పడుకున్నాను.

11 జూన్, బుధవారం

నిన్న సాయంత్రం షేర్ ఆటోలో కర్నూలు పాత బస్తీకి పోయి దిక్సూచి కొన్నాను. మహానంది యంత్రాన్ని యంత్రంతోనే కొట్టాలి.

ఈ రోజు తెల్లవారుతూనే బసవన్న వాకిలికి పోయాను. వాళ్లు ఇంకా లేవలేదు. జేబులో తాళాలు, నడుముకు ఉన్న మొలతాడు పిన్నీసు కూడా తీసి దూరం పెట్టాను. ఇనుము పక్కన ఉంటే సూది అబద్ధం చెబుతుందని అంగడివాడు చెప్పాడు. గడప నడిమధ్య పెట్టాను.

నిటారు. తలుపు ఎటు చూస్తోందో సూదీ అటే. దారం గీసినట్టు.

దేవునికి స్తోత్రం అని గట్టిగా అనేశాను. వీధి కుక్క లేచింది.

(మధ్యాహ్నం)

ఎందుకు రాయాలి ఇది. రాస్తాను. దాచుకోవడం నాకు చేతకాదు.

షెడ్డుకు పోయి బసవన్నను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. రా, నీ కళ్లతో చూడు అన్నాను. సుంకమ్మనూ పిలిచాను. పక్కింటివాళ్లు కూడా వచ్చారు, రానీ మంచిదే అనుకున్నాను. ఎండ నడినెత్తిన ఉంది. పొద్దున పెట్టిన చోటే, అదే దిక్సూచి, అదే నేను. సూది ఊగింది. ఈశాన్యానికి పోయి వాలింది.

తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే.

పక్కింటివాడు దగ్గినట్టు నవ్వాడు. బసవన్న నన్ను చూసి, పొద్దున ఒగ మాట, మధ్యాహ్నం ఒగ మాట, నీ యంత్రం గూడా నీ మాదిరే ఉండాదే దాసన్నా అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. వాడికి నా మీద కోపం లేదు, తెలుసు. అయినా దిక్సూచి జేబులో వేసుకుని వచ్చేశాను.

మెట్టు మీద కూర్చుంటే మోకాలు పీకుతోంది. ఇనుము ఉంటే పొద్దున కూడా ఉండాలి కదా. ఇనుము పొద్దున లేచిపోయి మధ్యాహ్నం తిరిగిరాదు.

12 జూన్, గురువారం

పొద్దున నిటారు. మధ్యాహ్నం వాలింది. సాయంత్రం పొద్దు కూకే ముందు మళ్లీ నిటారు.

సుంకమ్మ ఇప్పుడు నన్ను చూసి గేటు వేయడం లేదు, అలవాటు పడింది. మజ్జిగ కూడా ఇచ్చింది. అన్నా, పట్టు వదిలెయ్ అన్నా, తలుపు తిప్పితే నీ పని తప్పయిపోతాదా, మా మిషన్ తిరగల్ల అంతే గదా అంది. ఆమె మాటలో తప్పు లేదు. మిషన్ తిరగకపోతే మగ్గానికి కండె లేదు. మగ్గం ఊరకుంటే ఆమెకు నిద్ర రాదు. ఆమె కళ్ల కింద నలుపు నేను చూడలేదా.

మజ్జిగ తాగాను. మాట ఇవ్వలేదు.

13 జూన్, శుక్రవారం

రోజంతా మబ్బు. మధ్యాహ్నం కూడా సూది నిటారుగా ఉంది.

14 జూన్, శనివారం

స్తుతికి చెప్పాను. చెప్పకూడదని అనుకున్నాను, చిన్నపిల్ల ముందు ఎందుకని. అన్నం తింటూ నోరు జారింది. మబ్బు పడితే సూది నిటారుగా ఉంటుంది, ఎండ కాస్తే వాలుతుంది, నా తలుపు సూర్యుణ్ణి చూసి తల తిప్పుతోందా అన్నాను.

స్తుతి ముద్ద అలాగే పట్టుకుని నన్ను చూసింది. తాతా, ఆ గడప కింద ఏమైనా ఉండాదా అంది.

బండ ఉంది, కింద కాంక్రీటు ఉంది, ఇంకేముంటుంది అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. సోలార్ తీగలు. మిద్దె మెట్ల కింద నుంచి హాలు మధ్యగా వచ్చి, నా గడప కింద దూరి, షెడ్డులోకి పోతాయి.

పిల్ల పడీ పడీ నవ్వింది. రత్నమణి వంటింట్లోంచి వచ్చి ఏమైంది అంటే, జేజీ, తాత తలుపు కింద అయస్కాంతం పెట్టుకుని దిక్కు చూస్తాండాడు అంది. తీగలో కరెంటు పోతుంటే దాని చుట్టూ అయస్కాంతం ఉన్నట్టేనట. ఇళ్లలో కరెంటు క్షణానికి ఇన్నిసార్లు అని ముందుకూ వెనక్కూ పోతుంది కాబట్టి సూది దాన్ని పట్టించుకోదట. సోలార్ పలక నుంచి వచ్చేది ఒకే వైపు పోతుంది. అందుకే ఎండ ఎక్కే కొద్దీ సూదిని పక్కకు లాగుతుంది.

నా కడుపు చల్లబడింది. రెండో గంటె అన్నం పెట్టించుకున్నాను.

అంటే నా తలుపు ఉత్తరమే.

15 జూన్, ఆదివారం

చర్చి నుంచి నేరుగా బసవన్న ఇంటికి. స్తుతి వచ్చింది, గోపీని కూడా పిలిచారు. బసవన్నకు స్తుతి అంతా చెప్పింది. వాడు విన్నాడు. సుంకమ్మ కూడా విన్నది. విని ఒక్కటే అడిగింది. తలుపు మంచిదే అనుకో పాపా, మిషన్ ఏంటికి నిలబడతాండాది మరి? దానికి జవాబు మహానంది చెప్పినాడు, నువ్వు చెప్పలేదు గదా?

నిజమే. నా పేరు నిలబడితే సరిపోదు ఆమెకు. మిషన్ నిలబడే కారణం చెప్పకపోతే గురువారం గునపం దిగుతుంది.

గోపీ పెట్టె తెరవడు. కంపెనీ సీలు వేసింది, తెరిస్తే గ్యారంటీ పోతుందట. వాడి చేతి మీటరు, తీగకు దవడ మాదిరి పట్టుకునేది, ఇంటి కరెంటునే చూపిస్తుంది, దీన్ని చూపించదు. పెట్టి చూశాడు. సున్నా.

స్తుతి గడప దగ్గర చతికిలబడి కూర్చుంది. రెండు వరసల పలకల నుంచి రెండు తీగలు వస్తున్నాయి కదా, ఒక్కో దాంట్లో ఎంత కరెంటు పోతుందో బయటి నుంచే చెప్పొచ్చు, మీటరు వద్దు అంది. గోపీ ఎట్ల అన్నాడు. సూదిని ఎంత లాగుతున్నాయో చూసి అంది.

నాకు చెప్పింది ఇది. నాకు అర్థమైనట్టు రాస్తాను. సూదికి అన్ని మాటలూ ఒకేసారి వినబడతాయి. భూమి మాట, ఈ తీగ మాట, ఆ తీగ మాట. ఏది ఎవరిదో అది చెప్పదు. మా వీధిలో ఈ కొసన చర్చి మైకు, ఆ కొసన గుడి మైకు. రెండూ మోగుతుంటే మధ్యలో ఇంట్లో కూర్చున్నవాడికి కలిసిన రొద తెలుస్తుంది అంతే. ఎవరిది ఎంతో తెలియాలంటే చర్చి దగ్గర ఒకసారి నిలబడాలి, గుడి దగ్గర ఒకసారి నిలబడాలి. రెండు మైకుల మధ్య దూరం తెలియాలి. అప్పుడు కూర్చుని విడదీయొచ్చు.

అయితే తీగలు ఎంత లోతున ఉన్నాయి, వాటి మధ్య ఎంత దూరం, అది కావాలంది. బసవన్న నన్ను చూశాడు. గోపీ నన్ను చూశాడు. పైపులు వేసింది నేను.

నాలుగు వేళ్ల లోతు, మధ్యలో జానెడు అన్నాను. రెండు పైపులు పక్కపక్కన పడితే కింద గుల్ల అయ్యి బండ పగులుతుంది. మధ్యలో గట్టి కాంక్రీటు ఉండాలని జానెడు వదిలాను.

పిల్ల నా చేయి పట్టుకుని, వేళ్లు చాపించి స్కేలుతో కొలిచింది. ఇంతమంది ముందు. చిన్నప్పుడు దానికి బలపం పట్టించిన చేయి.

16 జూన్, సోమవారం

తెల్లవారగానే స్తుతి ఫోను గడప మీద కుడి పైపు పైన ఒకసారి, ఎడమ పైపు పైన ఒకసారి పెట్టి చూసింది. ఫోనులో కూడా సూది ఉంటుందట, కనపడదట. అంకెలు చూపిస్తుంది. అవి భూమి ఒక్కదాని అంకెలు. మధ్యాహ్నం మళ్లీ పెట్టింది. మధ్యాహ్నం అంకెల్లోంచి పొద్దుటివి తీసేస్తే మిగిలింది తీగలది. ఇది నాకు నచ్చింది. కొత్త గోడ ఎత్తు చూడాలంటే ముందు పాత నేల మట్టం చూడాలి కదా.

నేను నా దిక్సూచి కూడా పెట్టాను. కుడి పైపు మీద సూది బాగా వాలింది. ఎడమ పైపు మీద కొంచెం, కొంచెమే కదిలింది.

గోపీ సంతోషపడ్డాడు. చూసినావా, రెండు లైన్లూ బతికే ఉండాయి, ఎడమది కొంచెం నీరసంగా ఉండాదంతే, బ్యాటరీదే తప్పు, కంపెనీకి రాస్తా అన్నాడు.

స్తుతి నేల మీద సుద్దముక్కతో లెక్క వేసింది. చాలాసేపు. తుడిచింది. మళ్లీ వేసింది. ముఖం చిన్నబోయింది. కుడి తీగలో ఎనిమిది ఆంపియర్ల దాకా వస్తోంది, ఎడమ తీగలో కరెంటు వెనక్కి పోతున్నట్టు వస్తోంది అంది. బ్యాటరీ నుంచి పలకలకు.

గోపీ నవ్వు ఆపుకోలేకపోయాడు. కరెంటు మిద్దె ఎక్కుతాండాదా పాపా, మెట్ల మీదనా, లిఫ్ట్‌లోనా అన్నాడు. వెనక్కి పోకుండా కవాటం లాంటిది పెట్టి ఉందట, అట్లా జరగదట.

స్తుతి లేచింది. సుద్దముక్క గోడ మీద పెట్టి ఇంటికి వచ్చేసింది. అన్నం తినలేదు. రత్నమణి నన్నే తిట్టింది, నీ గడప పిచ్చి పిల్లకు కూడా అంటించినావు అని.

17 జూన్, మంగళవారం

పొద్దున టీ తాగుతూ స్తుతి పలకల బొమ్మ కాగితం మీద గీస్తోంది. రెండు గుండ్రాలు గీసి, ఒక గుండ్రం నడిబొడ్డు నుంచి ఇంకో గుండ్రం నడిబొడ్డుకు గీత గీసి, దాని మీద నా జానెడు కొలత రాసింది.

అదేంది అన్నాను. పైపుల మధ్య దూరం తాతా, నువ్వు చెప్పిందే అంది.

నేను చెప్పింది అది కాదు అన్నాను. మేస్త్రీ జానెడు వదిలాను అంటే సందు జానెడు. ఈ పైపు అంచు నుంచి ఆ పైపు అంచుకు. పైపు పొట్ట దాంట్లో రాదు. కిటికీకి కిటికీకి మధ్య మూరెడు గోడ అంటే కిటికీ నడుము నుంచి కొలుస్తామా?

పిల్ల నన్ను చూసింది. పైపు ఎంత లావు తాతా అంది. రెండంగుళాలది అన్నాను. లావుపాటివే వేయించాను, రేపు ఇంకో తీగ లాగాలన్నా పడుతుందని.

టీ చల్లారిపోయింది. ఆ కాగితం మీదనే వేసింది. దూరం పెరిగితే కుడి తీగ లాగుడు ఎడమ వైపుకు తక్కువ చేరుతుందట. అప్పుడు వెనక్కి పోయే కరెంటు లేదు. ముందుకు పోయేదీ లేదు.

ఎడమ తీగలో సున్నా. చచ్చిపోయి ఉంది.

మరి ఎడమ పైపు మీద సూది కదిలింది కదా అన్నాను. అది కుడి తీగదే, అంతా దానిదే అంది. గుడి మైకు ఆపేసి ఉన్నా, గుడి దగ్గర నిలబడినవాడికి చర్చి మైకు సన్నగా వినబడుతుంది. వాడు అది గుడిదే అనుకుంటాడు. గోపీ అనుకున్నట్టు.

గోపీకి ఫోను చేయమన్నాను. వద్దు తాతా, మధ్యాహ్నం కానీ, ఎండలో మిద్దె ఎక్కి చూద్దాం అంది.

(సాయంత్రం)

చెయ్యి నొప్పిగా ఉన్నా ఈ రోజుది ఈ రోజే రాయాలి.

మధ్యాహ్నం స్తుతి, గోపీ, బసవన్న, వెనక నేను. మోకాళ్లు వద్దన్నా మెట్లు ఎక్కాను. మిద్దె తలుపు తీయగానే ఎండ మొహాన కొట్టింది.

కుడి వరస పలకలు తళతళా మెరుస్తున్నాయి. ఎడమ వరస కనపడలేదు. దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకు నూలు చిలపలు, కట్టలు కట్టలుగా. గంజి పెట్టిన నూలు, తడి తడిగా, వరసగా, ముద్దుగా పరిచి ఉంది. గాలికి ఎగరకుండా మీద కర్రలు.

బసవన్న కిందికి వంగి, ఒసే సుంకీ అని కేక పెట్టాడు.

సుంకమ్మ వచ్చింది. ఏమైంది అంది. అందరూ చిలపలను చూస్తుంటే, ఎండబెట్టినాను, ఏమైంది అంది. పొద్దున పెడితే మధ్యాహ్నం దాటేసరికి పెళపెళ ఎండిపోతాయి, గంజి ఎంత బాగా పట్టిందో చూడు, కింద తాళ్ల మీద వేస్తే కాకులు, దుమ్ము. అంత వేడి, అంత నున్నటి బండ యాడ దొరుకుతాది అంది. సాయంత్రం తీసి లోపల పెట్టుకుంటుందట. గోపీ పలకలు చూడడానికి వచ్చింది సాయంత్రం.

గోపీ తల పట్టుకున్నాడు. అత్తా, అది బండ కాదు అత్తా అన్నాడు.

బండ కాదని నువ్వు చెప్పినావా, పెట్టి ఎల్లిపోయినావు గదా అంది. ఒక వరస మీద ఏంటికి వేసినావు, రెండిటి మీదా వేసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది గదా అన్నాడు బసవన్న. నూలు అంతే ఉండింది అంది సుంకమ్మ.

నాకు నవ్వు వచ్చింది. మెట్ల మీదే కూర్చుని నవ్వాను. తర్వాత బసవన్న నవ్వాడు. సుంకమ్మ చివరికి, మమ్మల్ని తిడుతూనే.

చిలపలు తీశారు. కిందికి దిగి వచ్చేసరికి షెడ్డులో ఆగిన మిషన్ మళ్లీ తిరుగుతూ శబ్దం చేస్తోంది. మధ్యాహ్నం పూట ఆ శబ్దం ఎలా ఉంటుందో సుంకమ్మ మరిచిపోయిందట. తలుపు పట్టుకుని వింది.

బసవన్న ఇంట్లోకి పోయి నా తువాలు తెచ్చాడు. ఉతికి, మడత పెట్టి ఉంది. చేతికి ఇవ్వలేదు, భుజం మీద తనే వేశాడు. ఇంత కోపం మనిషివి, రాయి పని గాబట్టి సరిపోయింది, నూలు పని అయితే అంతా తెంపేసి ఉందువు అన్నాడు.

తువాలు సర్దుకున్నాను. ఎప్పుడు ఏమీ అనకూడదో నాకూ తెలుసు.

18 జూన్, బుధవారం

ఒక విషయం. స్తుతి అడిగింది, రెండు ప్లస్ తీగలూ గడప కింద వస్తే, మైనస్ తీగలు యాడ పోయినాయి అని. గోపీ చూపించాడు. ప్రహరీ గోడ వెంబడి, రెండూ ఒకే క్లిప్పులో. పోయే తీగ, వచ్చే తీగ ఒకే పైపులో పక్కపక్కన ఉంటే ఒకదాని లాగుడు ఇంకోటి కొట్టేస్తుందట. సూదికి ఏమీ తెలిసేది కాదట. ఈ గొడవే ఉండేది కాదట.

ఎందుకు ఒకే పైపులో వేయలేదు అని గోపీని అడిగింది. ప్లస్సు మైనస్సు ఒక పైపులో రాసుకుంటే మంట అవుతుందని భయపడి మైనస్ కోసం మూడో పైపు అడిగాడట. ఇంటి మేస్త్రీ ఒప్పుకోలేదట. నా గడపను జల్లెడ చేస్తావా, పో, గోడ మీద వేసుకో అన్నాడట.

అన్నాను. సరిగ్గా అదే అన్నాను.

స్తుతి నన్ను చూసి పకపకా నవ్వింది. దానికి ఆ గుణం రత్నమణి నుంచి వచ్చింది.

19 జూన్, గురువారం

మహానంది ముహూర్తానికి వచ్చాడు, వెనక గునపం పట్టుకుని ఒక మేస్త్రీ. బసవన్న వద్దని చెప్పి పంపాలనుకున్నాడు. నేనే రానీ అన్నాను. తెల్లవారుజాము. మంచి గడియ.

ఆయన దిక్సూచి గడప మీద పెట్టాడు. నిటారు.

ముఖం చూడాలి. ఆయన తీసి, దులిపి, మళ్లీ పెట్టాడు. సుంకమ్మకు జాలి వేసి అంతా చెప్పేసింది. నూలు సంగతి కూడా.

నేను ఎదురుచూసింది ఆయన వాదిస్తాడని. రెండు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. ఆయన వాదించలేదు. గడప మీదే కూర్చుని, సోలార్ తీగలు కింద పోతే ఇట్ల అవుతాదా అని స్తుతిని అడిగాడు. అడిగి అడిగి చెప్పించుకున్నాడు. కొత్త ఇండ్లన్నిట్లో ఇప్పుడు ఇవే పెడతాండారు గదమ్మా అన్నాడు. తను తలుపు తిప్పించిన ఏ ఇల్లు గుర్తొచ్చిందో, నేను అడగలేదు. ఇంక పొద్దున్నే వస్తా, తీగలు యాడ పోతాండాయో అడిగినాకే డబ్బా తీస్తా అన్నాడు.

సిద్ధం చేసుకున్న రెండు మాటలూ మింగేశాను. చెడ్డ మనిషి కాదు. పోయేటప్పుడు, నీడతోనే తీసినావా పెద్దాయనా, ఎట్ల అది అని అడిగాడు. గుంజ పాతి చూపించాను. సాయంత్రం నీడకు మళ్లీ వస్తానన్నాడు. వచ్చాడు కూడా.

ఆ గునపం మేస్త్రీ మాత్రం టీ తాగి, గడప బండ అంచు మీద వేలు పెట్టి లాగి చూసి, ఎవరి పని అన్నాడు. బసవన్న నన్ను చూపించాడు. అతను తల ఊపాడు. అది చాలు నాకు.

22 జూన్, ఆదివారం

పాస్టరు గారు ప్రసంగంలో ఇసుక మీద కట్టిన ఇల్లు గురించి చెప్పారు. చర్చి వాకిట్లో రత్నమణి నా చెవిలో, తీగల మీద కట్టిన ఇల్లు గురించి చెప్పలేదు అంది.

గోపీ మైనస్ తీగలను కూడా రెండో తొడుగు వేసి గడప కింద పైపుల్లోకి మారుస్తానన్నాడు, పైపులు లావుగా ఉన్నాయి కాబట్టి పడతాయట. నేను సరే అన్నాను. నా నోటితో. బసవన్న ఒప్పుకోలేదు. మార్చితే సూది కదలదు గదా, మరి సుంకి నూలు యాడ ఆరేస్తాండాదో నాకెట్ల తెలుస్తాది అన్నాడు. ఇప్పుడు రెండు తీగలూ పనిచేస్తున్నాయి కాబట్టి గడప మధ్యలో సూది ఆ రోజు కంటే రెట్టింపు వాలుతోంది. వాలితే మిషన్ తిరుగుతుంది. అంత వాలకపోతే మిద్దె మీద నూలు. నా దిక్సూచి తనకే కావాలన్నాడు. ఇచ్చేశాను.

సుంకమ్మకు మిద్దె మీద వేరే చోట నున్నగా అరుగు కట్టిస్తానన్నాను. ఒక్క అరుగు. దాన్ని ఇల్లు అనరు కదా.

స్తుతి రేపు రాజంపేట పోతుంది. నా జానెడు కొలత ఫోనులో రాసుకుంది, ఎందుకో.

23 జూన్, సోమవారం

మిట్టమధ్యాహ్నం. బసవన్న గడప మీద కూర్చుని రాస్తున్నాను. లోపల మిషన్ తిరుగుతోంది.

సూది ఈశాన్యానికి పోయింది. నా తలుపు ఎక్కడికీ పోలేదు.